అరణంలో వచ్చిన మనిషి

హైదరాబాదు
12 జనవరి 1959

అక్కా,

నీ జాబుకు బదులు ఆలస్యమైంది. కోపం పెట్టుకోకు. మా యూనివర్సిటీలో ఇప్పుడు ఎవరిని కదిలించినా లింకన్ మాటే. ఒకప్పుడు అమెరికాకు ప్రెసిడెంటు. వచ్చే ఫిబ్రవరి పన్నెండుకు ఆయన పుట్టి నూటయాభై ఏళ్ళు నిండుతాయి. మా చరిత్ర శాఖ వాళ్ళు వారం పాటు జయంతి ఉత్సవాలు పెట్టారు. ఉపన్యాసాలు, ఫోటోల ప్రదర్శన, ఒక నాటకం, ఆఖరి రోజు వక్తృత్వ పోటీ. పోటీలో తెలుగులో మాట్లాడటానికి నన్ను ఎంపిక చేశారు.

ఎవరాయన అని అడుగుతావని తెలుసు. దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. బడికి వెళ్ళింది కొన్నాళ్ళే, మిగతా చదువంతా అడిగి తెచ్చుకున్న పుస్తకాలతోనే. అప్పట్లో అక్కడ నల్లవాళ్ళను సంతలో కొనేవారు, అమ్మేవారు, కూతురి పెళ్ళిలో కానుకగా ఇచ్చేవారు. ఆయన దానికి అడ్డం నిలబడ్డాడు. దేశం రెండుగా చీలి యుద్ధం జరిగింది. బానిసత్వం పోయింది. యుద్ధం ముగుస్తుండగానే ఆయన్ని పిస్తోలుతో కాల్చి చంపారు.

'కూతురి పెళ్ళిలో కానుకగా' అన్న చోట పుస్తకం మూసేశాను. యాదమ్మ గుర్తొచ్చింది. నీ అప్పగింతల నాడు బండి వెనకాల, నీ బట్టల పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తూ పోయింది. అప్పటిదాకా నన్ను ఎత్తుకుని తిప్పింది ఆమే కదా. "యాదమ్మ మళ్ళ ఎప్పుడొస్తది?" అని ఏడిస్తే అమ్మ నవ్వి, "అరణంల అక్కకు ఇచ్చినం బిడ్డా, ఇంక రాదు" అంది. ఇత్తడి గంగాళం గురించి చెప్పినట్టే చెప్పింది.

ఎలా ఉంది యాదమ్మ? ఆమె గురించి వివరంగా రాయి. బావకు నమస్కారాలు.

నీ తమ్ముడు
ఇంద్రసేన

---

జహీరాబాదు
25 జనవరి 1959

ఇంద్రా,

ఎంపికైనందుకు సంతోషం. మీ బావకు చెబితే "జర గొంతు పెంచి మాట్లాడమను" అన్నారు. ఆయనకు ఊపిరి సలపడం లేదు. అల్లం తవ్వకం, చెరకు గానుగ ఒక్కసారే వచ్చిపడ్డాయి. వాకిట్లో బండ్లు, ఇల్లంతా అల్లం ఘాటు.

యాదమ్మ గురించి అడిగావు. ఈ ఇంట్లో వాళ్ళ తెలుగులో సగం కన్నడం. వచ్చిన కొత్తలో నాకేమీ అర్థమయ్యేది కాదు. మన ఊరి మాట చెవిన పడాలంటే యాదమ్మే మాట్లాడాలి. నా బిడ్డ పురిట్లోనే పోయిన ఏడు నేను మంచం దిగలేదు. అందరూ గుమ్మం దాకా వచ్చి చూసిపోయేవారు. తల దువ్వి, అంబలి తాగించి, నన్ను మళ్ళీ మనిషిని చేసింది అదే. నాతో పాటు కూర్చుని ఏడ్చింది కూడా అదొక్కతే.

ఇప్పుడొక కొత్త సంగతి. చిరాగ్‌పల్లిలో నర్సింలు అని ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. మా అల్లం బస్తాలు బొంబాయికి తీసుకెళ్తాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. నెమ్మదస్తుడు. మొన్న వచ్చి గడప అవతల చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"దొరసానీ, యాదమ్మను నాకియ్యున్రి. మంచిగ చూసుకుంట."

"అదేమన్నది?"

"మిమ్ముల అడగమన్నది."

లోపలికి వెళ్తే యాదమ్మ తొట్టి దగ్గర అల్లం కడుగుతోంది. తల ఎత్తలేదు. "నువ్వు పొమ్మంటె పోత, ఉండమంటె ఉంట" అంది.

"నీకేం కావాల్నో చెప్పవే."

చాలాసేపు చేతులు నీళ్ళలోనే ఉంచింది. "నాదొక తలుపు కావాలె దొరసానీ. నేనే తీసుకోవాలె, నేనే ఏసుకోవాలె. ఎవ్వలు పిలిస్తె వాళ్ళకు కాదు" అంది.

హోళీ పోనీ, చూద్దామని నర్సింలును పంపేశాను. మీ బావను ఇంకా అడగలేదు. వద్దంటారేమోనని కొంత భయం, సరేనంటారేమోనని అంతకన్నా భయం. అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడాలి? బానిసల్ని విడిపించినప్పుడు అక్కడి దొరసానులు ఏం చేశారో మీ పుస్తకాల్లో ఉంటే రాయి.

ఇదంతా నీలోనే ఉంచుకో. ఇంకెవరికీ చెప్పకు.

అక్క
మనోరమ

---

హైదరాబాదు
14 ఫిబ్రవరి 1959

అక్కా,

మొదటి బహుమతి నాదే! సంతకం పెట్టేముందు రాయాల్సిన మాట మొదటే రాసేస్తున్నాను, ఆగలేక.

హాలు నిండిపోయి కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. వేదిక మీద లింకన్ పెద్ద పటం, దానికి బంతిపూల దండ. ఆ గడ్డం, గుంటలు పడ్డ చెంపలు చూస్తే దండ వేయించుకోవడం ఇష్టం లేనివాడిలా ఉన్నాడు. అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు ఇంగ్లీషులో మాట్లాడాడు. తర్వాత ఒకతను ఉర్దూలో, ఒకమ్మాయి హిందీలో. చివర నేను. మొదట కాసేపు కాగితం చూసి చదివాను. తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను దిగేసరికి హాలు లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది అక్కా. మా ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఏం మాట్లాడానో వచ్చినప్పుడు చెబుతాను. జాబులో రాస్తే బాగుండదు.

యాదమ్మ విషయం ఆలస్యం చేయకు. బావను అడుగు. పరీక్షలు కాగానే వచ్చి నేనూ మాట్లాడతాను.

ఇంద్రసేన

---

జహీరాబాదు
1 మార్చి 1959

ఇంద్రసేనకు,

నువ్వేం మాట్లాడావో నువ్వు వచ్చి చెప్పనక్కరలేకుండానే తెలిసింది. హైదరాబాదు ఉర్దూ పేపరులో వేశారు. మీ బావ మార్కెట్టులో కాంటా దగ్గర ఉండగా ఎవరో తెచ్చి, అందరూ వినేలా చదివారట. 'జహీరాబాదులో అల్లం వ్యాపారం చేసే ఒక దొర ఇంట, పెళ్ళిలో అరణంగా వచ్చిన ఆడబాప ఒక లారీ డ్రైవరును మనువాడాలని కోరుకుంటోంది. ఆమెకు లింకన్ ఎప్పుడు పుడతాడు?' తలుపు సంగతి కూడా చెప్పావు. చప్పట్లు అక్కడే పడ్డాయని రాశారు.

మీ బావ చెయ్యెత్తలేదు, అరవలేదు. పేపరు నా ముందు పెట్టి కూర్చున్నారు.

"జహీరాబాద్ల అల్లం దొరలు ఎంతమంది ఉన్నరు, మనోరమా?"

నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

"నీ తమ్ముడు నన్ను అడిగితె నేను ఇయ్యకపోదునా? నన్ను అడగలే. ఊరికి చెప్పిండు."

నిజంగా ఇచ్చేవారేమో. నేను అడగలేదు, నువ్వు అడగలేదు. ఇక ఎప్పటికీ తెలియదు.

మర్నాడే యాదమ్మను మీ బావ న్యాల్‌కల్ అవతల తన అన్నగారి ఊరికి పంపేశారు. కోటలాంటి వాళ్ళ గడీలో పేపరు చదివేవాళ్ళు ఉండరట. బండి ఎక్కబోతూ అది నా దగ్గరికి వచ్చింది.

"దొరసానీ, చిన్నదొర నా ముచ్చట అంతమందిల చెప్పిండట గద. ఏమన్నడు?"

"మంచిగనే అన్నడే."

"మంచిగనే అంటె, నన్నెందుకు పంపుతున్రు?"

ఈ ప్రశ్న నీకు పంపుతున్నాను. 

మనోరమ

---

హైదరాబాదు
9 మార్చి 1959

అక్కా,

నీ జాబు పట్టుకుని హాస్టలు మేడ మీద చాలాసేపు కూర్చున్నాను. ఊరి పేరు చెప్పాలని అనుకోలేదు. యాదమ్మ మాట కూడా నేను రాసుకున్న ప్రసంగంలో లేదు. మధ్యలో హాలు చల్లబడుతున్నట్టు అనిపించింది. వెనక వరుసల్లో కబుర్లు మొదలయ్యాయి. అప్పుడు నోట్లోంచి ఆమె మాట వచ్చింది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నన్ను ముందుకు తోసింది. ఊరి పేరు, అల్లం, అన్నీ వచ్చేశాయి.

ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ క్షణంలో ఆమె గురించి అనుకున్నానో, నా గురించి అనుకున్నానో చెప్పలేను.

బావ కోపం చల్లారాలని ఆయనకు వేరే జాబు రాశాను. దాంతో పరిస్థితి చక్కబడుతుంది. పరీక్షలు ఏప్రిల్ ఆఖరుకు అయిపోతాయి. ఆ సాయంత్రమే బస్సెక్కుతాను. నర్సింలును ఓపిక పట్టమను.

ఇంద్రసేన

---

జహీరాబాదు
5 ఏప్రిల్ 1959

ఇంద్రా,

నువ్వు బావకు రాసిన జాబు అందింది. ఆయన దాన్ని అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి చదివించారు. 'సభ కోసం కల్పించి చెప్పాను, అలాంటి మనిషి ఎవరూ లేరు' అని రాశావు. శంకరప్ప గారు, ఇంకా మార్కెట్టు పెద్దలు తలలూపి వెళ్ళిపోయారు. మీ బావ పరువు నిలబడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "మాట పోయింది, మళ్ళ వచ్చింది. ఇప్పుడన్న యాదమ్మను తెప్పియ్యున్రి" అన్నాను.

"ఎట్ల తెప్పిస్త? అది లేదని నీ తమ్ముడే రాసిండు. ఇప్పుడు తెచ్చి డ్రైవర్‌కిస్తె, పేపర్ల వచ్చింది నిజమైతది గద?"

మొదటిసారి ఉన్నదని చెప్పి దాన్ని ఊరు దాటించావు. రెండోసారి లేదని చెప్పి తిరిగి రాకుండా చేశావు. నిన్ను తిట్టాలని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నర్సింలు ఆ ఊరికి వెళ్ళాడు. గడీ వాళ్ళు లోపలికి రానివ్వలేదు. "దొర సొమ్ము అడగనీకి నువ్వెవడివిరా" అని గెదిమారట. గోడ అవతల బర్రెల్ని అదిలిస్తున్న గొంతు విని, అది యాదమ్మదేనని గుర్తుపట్టి వచ్చాడు. "పిలిస్తె దానికి దెబ్బలు పడతయని పిలవలే దొరసానీ" అన్నాడు.

న్యాల్‌కల్ వైపు పల్లెల్లో గత్తర వచ్చిందంటున్నారు. పొద్దున వాంతులు, విరేచనాలు మొదలైతే మాపటికి మనిషి ఉండటం లేదట. నాకు అన్నం సయించడం లేదు.

నీ పరీక్షలు నువ్వు రాసుకో. నేను ఆగలేను.

మనోరమ

---

జహీరాబాదు
24 ఏప్రిల్ 1959

ఇంద్రా,

యాదమ్మ చనిపోయింది. మొదటి మాటగా ఇదే రాయాలి. మిగతాది తర్వాత.

ఆ ఊళ్ళో గత్తర మొదలైందని తెలిసిన పొద్దున బండి కట్టించమని మీ బావను అడిగాను. "గత్తర ఊరికి ఆడమనిషి పోతదా? మనిషిని పంపిస్త, ఫికర్ చెయ్యకు" అన్నారు. మధ్యాహ్నమైనా ఎవరినీ పంపలేదు. కొంగు తల మీదికి లాక్కుని బజారులో నడిచాను. పెళ్ళై వచ్చాక ఆ బజారులో నేను కాలు కింద పెట్టడం అదే మొదలు. దుకాణాల వాళ్ళు లేచి నిలబడ్డారు. నర్సింలు లారీ అల్లం మండీ ముందు ఆగి ఉంది. "పోదాం పా" అన్నాను. అతను ముందు సీటు తుడిచి, చెయ్యందించడానికి భయపడి, మెట్టుగా ఒక డబ్బా వేశాడు.

న్యాల్‌కల్ దాటాక లారీ పోయే బాట లేదు. కోసేసిన జొన్నచేలలో పడి నడిచాం. గడీ వాకిట్లో మా తోడికోడలు సీతాబాయి కనిపించింది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, "కొట్టంల ఉన్నది. దగ్గరికి పోకు మనోరమా" అంది.

పశువుల కొట్టంలో గోనెపట్టా మీద పడుకుని ఉంది. ఒక్క రోజులో కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు పొక్కులు కట్టాయి. పక్కన చెంబులో నీళ్ళు కూడా లేవు. నేను కూర్చుని తల ఒడిలోకి తీసుకున్నాను.

"ఎవరొచ్చిన్రు?"

"నేనే."

"నువ్వెందుకొచ్చినవ్ దొరసానీ? దొర కోపం చేస్తడు."

"చెయ్యనియ్యి. నన్ను దొరసాని అనకు ఇంక."

"మరేమనాలె?"

"పేరు పెట్టి పిలువు."

పెదవులు కదిపింది. నా పేరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొంచెం నవ్వింది. "నోరు తిరుగుతలేదు" అంది.

నర్సింలు దాన్ని భుజాన వేసుకుని ఆ చేలలోంచి నడిచాడు. ఎండకు నా కొంగు కప్పాను. లారీలో నా ఒళ్ళోనే పడుకోబెట్టుకున్నాను. గతుకు తగిలినప్పుడల్లా నర్సింలు నా వైపు తిరిగి, "ఉన్నదా?" అని అడిగేవాడు. "ఉన్నది, నువ్వు పోనియ్యి" అనేదాన్ని.

జహీరాబాదు దవాఖానలో డాక్టరు మంచివాడు. వెంటనే సూది గుచ్చి సీసా ఎక్కించాడు. "పొద్దున తెస్తె ఆశ ఉండు" అన్నాడు. వరండాలో కింద పడకలన్నీ గత్తర రోగులే. యాదమ్మ నా వేళ్ళు పట్టుకుని ఉంది. చీకటి పడకముందే ఆ పట్టు వదిలింది. నేను అలాగే పట్టుకుని ఉన్నాను. కంపౌండరు వచ్చి చూసి చెప్పాడు.

"శవం ఎవరు తీస్కపోతరు? ఈమెకు నువ్వేమైతవ్?" అని నర్సింలును అడిగాడు.

"పెనిమిటిని" అన్నాడు నర్సింలు.

కంపౌండరు నా వంక చూశాడు. నేను అవునన్నాను.

చిరాగ్‌పల్లిలో, అతని వాళ్ళను పెట్టే చోటే పెట్టాడు. ఆడవాళ్ళు రాకూడదన్నారు. దూరంగా లారీ పక్కన నిలబడి చూశాను. ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నాను. మీ బావ తలుపు దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడ్డారు. "నేను మనిషిని పంపుత అనుకున్న" అన్నారు. ఆయన కూడా ఏడ్చారనే అనుకుంటాను. నేను తిరిగి చూడలేదు.

మనోరమ

---

హైదరాబాదు
6 మే 1959

అక్కా,

పరీక్షలు అయిపోయాయి. బస్‌స్టాండు దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. నీ ముందు నిలబడే మొహం లేదు.

జయంతి ఉత్సవాల ప్రసంగాలన్నీ కలిపి సంచికగా వేస్తున్నారు. నాది మొదట వేస్తామన్నారు. తీసేయమని ప్రొఫెసరు గారిని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "నీదే కదయ్యా, సభను లేపి నిలబెట్టింది?" అన్నారు. ఆ మాటలు నావి కావు సార్, చెప్పిన మనిషిని అడగకుండా తీసుకున్నాను అన్నాను. ఇప్పుడు అడగవచ్చు కదా అన్నారు. చనిపోయిందని చెప్పాను. ఆయన నా కాగితాలు నా చేతికి ఇచ్చేశారు.

మొన్న ఆ హాలు పక్క నుంచి వెళ్ళాను. కుర్చీలన్నీ మూలకు చేర్చి ఊడుస్తున్నారు. ఊడ్చే ఆమె పేరు ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజూ అడగడానికి ధైర్యం చాలలేదు.

నువ్వు తిడితే బాగుండేది.

ఇంద్రసేన

---

జహీరాబాదు
19 జులై 1959

ఇంద్రా,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది.  ఇప్పుడు రాయాల్సిన పని పడింది.

కిందటి నెల అమ్మ మన ఊరి నుంచి ఒక పిల్లను పంపింది. యాదమ్మ అన్న కూతురు, నాగవ్వ. పాలపళ్ళు ఊడుతున్న వయసు. అమ్మ పాత చీరతో కుట్టిన లంగా కట్టుకుని, చిన్న మూట పట్టుకుని దిగింది. 'యాదమ్మ లేక నీకు కష్టమైతున్నదట, ఇది నీ దగ్గరే ఉంటది' అని అమ్మ చెప్పి పంపింది. నేను చేసిన పని కూడా రాయాలి కదా. ఆ పిల్లను వెంటనే వెనక్కి పంపలేదు. తల దువ్వాను. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాను. అది మన ఊరి మాట మాట్లాడుతుంటే, ఎన్నో నెలల తర్వాత నాకు ఇంట్లో మనిషి ఉన్నట్టు అనిపించింది. రేపు పంపిద్దాం, ఎల్లుండి పంపిద్దాం అనుకుంటూ గడిపేశాను.

ఒక పొద్దున నా కాళ్ళ దగ్గర కూర్చుని, "దొరసానీ, పనంత అయింది. ఇంక ఇంటికి పోనా?" అని అడిగింది. పని అంతా అయిపోతే ఇంటికి పంపిస్తారని అనుకుంటూ ఉందట ఆ పిల్ల, ఇన్నాళ్ళూ.

ఆ రోజే బస్సెక్కాం, ఇద్దరమే. మీ బావ ఆపలేదు. డ్రైవరు వెనక సీటు ఖాళీ చేయించి, "జాగ్రత్త" అన్నారంతే.

ఊళ్ళో అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "ఎందుకు తెస్తివే దీన్ని? నీకు నీళ్ళెవరు తోడిపోస్తరు?" అంది.

"నేనే తోడుకుంటనమ్మా. ఇంకెవ్వరిని పంపకు."

"నీ తోడుకోసమేనే పంపింది. నువ్వొక్కదానివి ఎట్లుంటవ్?"

"ఒక్కదాన్నే ఉంట."

నాగవ్వ తల్లి పరుగెత్తుకుని వచ్చింది. "నీ బిడ్డను నువ్వు తీసుకో" అని చెయ్యి అందించాను. అందుకోలేదు ఇంద్రా. ముందు అమ్మ మొహం చూసింది. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని తలూపాక అప్పుడు ఎత్తుకుంది. అంత పెద్ద పిల్లను చంకనెత్తుకుని, ఎవరైనా మళ్ళీ పిలుస్తారేమోనన్నట్టు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నీ మీద కోపం ఉంది. పోతుందని మాట ఇవ్వలేను. కానీ నువ్వు రా. నర్సింలు ఇప్పుడు లారీ మానేసి చిరాగ్‌పల్లిలోనే ఉంటున్నాడు. నువ్వు వస్తే అతని దగ్గరికి కలిసి వెళ్దాం. నువ్వేమీ మాట్లాడనక్కరలేదు. అతను మాట్లాడితే విందాం.

నేను తిరిగొచ్చేసరికి ఇక్కడ వాన. తడిసిన కట్టెలతో పొయ్యి ముట్టించడం నాకు చేతకాలేదు. పొగకు కళ్ళు మండి, ఊదుగొట్టం కనపడక, "యాదీ" అని కేక వేశాను. మీ బావ అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతూ ఆగిపోయారు. ఇల్లంతా ఆగిపోయింది. వాన చప్పుడే వినిపిస్తోంది. కాసేపటికి లేచి వెతుక్కున్నాను. గోడ మూలన ఉంది. తెచ్చుకుని నేనే ఊదుకున్నాను.

అక్క
మనోరమ